గైడును నీళ్ల గురించి అడగండి

శెనక్కాయ పీకడం అయిపోయి చలి మొదలయ్యే వేళకు అనంతపురంలో బాడుగ బస్సు దొరకడం కష్టం. బడి పిల్లలు, రిటైరైన ఉద్యోగుల సంఘాలు, మహిళా సంఘాలు, కాలనీవాళ్లు అందరూ ఆ రెండు మూడు నెలల్లోనే ఎక్కడికైనా పోయి రావాలనుకుంటారు. రాత్రి బయట నిలవడానికి చాలామందికి కుదరదు. తెల్లవారుజామున కదిలి, పడుకునే పొద్దుకు ఇల్లు చేరాలి. ఆ లెక్కకు సరిపోయే చోట్లు మన చుట్టూ తక్కువేం లేవు. లేపాక్షి ఉంది, పెనుకొండ ఉంది, తాడిపత్రి గుళ్లున్నాయి, గుత్తి కోట ఉంది, కాస్త దూరమైనా గండికోట ఉంది. అయినా మన బస్సుల్లో చాలా వాటి మొహం పడమటికే. ఉరవకొండ, విడపనకల్లు, బళ్లారి, అక్కడి నుంచి హంపి.

హంపిని మనం ఊరు అంటున్నాంగానీ, చూడబోయేది విజయనగర రాజుల రాజధాని. అనంతపురానికి అంత దగ్గరలో అంత పెద్ద నగరం ఆ రోజుల్లో ఇంకోటి లేదు. కాకపోతే అది నాలుగున్నర శతాబ్దాల క్రితం పాడుబడిన నగరం. 1986లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆ గుర్తింపు కిందికి వచ్చే నేల నలభై చదరపు కిలోమీటర్లు దాటుతుంది. దాన్ని ఒక్క పూటలో చూడాలంటే దారి తెలిసిన మనిషి కావాలి. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ మనిషి గురించి, అతను మనకు చూపించేవాటి గురించి, మనం అడక్కపోతే చూపించకుండా వదిలేసేవాటి గురించి.

ముందు దారి సంగతి. అనంతపురం నుంచి బళ్లారి సుమారు వంద కిలోమీటర్లు, అక్కడి నుంచి హంపి మరో అరవై. ఉరవకొండ దగ్గర తెల్లవారుతుంది. గుట్టల మీద గాలిమరలు తిరుగుతుంటాయి. కుడివైపు వజ్రకరూరు. తొలకరి వాన పడితే చాలు, అక్కడి చేలల్లో జనం వంగి నేలను వెతుకుతుంటారు, రాయి దొరక్కపోతుందా అని. హంపి వీధుల్లో వజ్రాల బేరాలు జరిగాయని గైడు చెప్పినప్పుడు పొద్దున దాటి వచ్చిన ఈ చేలు గుర్తు చేసుకోండి. రాయల కాలపు వజ్రాల కథలో మన నేలకూ చోటుంది.

బళ్లారిలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినకుండా ఏ బస్సూ ముందుకు పోదు. అక్కడ దాన్ని మండక్కి ఒగ్గరణె అంటారు, రుచిలో తేడా లేదు. ఉండాల్సిన పనీ లేదు. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడిందే బళ్లారి జిల్లాను విడగొట్టి. అంతకు ముందు హంపీ మనమూ ఒకే కలెక్టరు కింద ఉన్నవాళ్లం. ధర్మవరం రామకృష్ణమాచార్యులు తెలుగు నాటకాన్ని పెంచింది బళ్లారిలో ఉండే. మన తాడిపత్రిలో పుట్టిన రాఘవాచార్యులు లోకానికి బళ్లారి రాఘవ అయ్యాడు. బళ్లారివాడే అయిన కోలాచలం శ్రీనివాసరావు విజయనగర పతనం మీద నాటకం రాస్తే, అందులో పఠాన్ రుస్తుం వేషం కట్టి రాఘవ పేరు తెచ్చుకున్నాడు. 1953లో బళ్లారి అటు కన్నడం వైపు పోయింది, రాయదుర్గం ఇటు మన వైపు వచ్చింది. కాబట్టి బస్సు సరిహద్దు దాటేటప్పుడు పరాయి రాష్ట్రానికి పోతున్నామన్న భావన నాకెప్పుడూ కలగదు. బోర్డుల మీద అక్షరాలు కొంచెం మారతాయి, అంతే.

హంపిలో బస్సు ఆగీ ఆగకముందే గైడ్లు వస్తారు. కన్నడం, హిందీ, ఇంగ్లీషుతో పాటు తెలుగు కూడా మాట్లాడేవాళ్లు చాలామంది. వాళ్ల తెలుగు మన బళ్లారి తెలుగే, వినడానికి హాయిగా ఉంటుంది. పర్యాటక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు మెడలో ఉందో లేదో చూసి, ఎన్ని గంటలు, ఏయే చోట్లు, ఎంత అని ముందే తేల్చుకోండి. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడేది మనమే, వాళ్లకు ఆ మొహమాటం లేదు. డబ్బు దండగ అని గైడును వద్దనేవాళ్లూ ఉంటారు. ఫోనులో అన్నీ ఉన్నాయి గదా అంటారు. ఫోనులో అన్నీ ఉన్నాయి, నిజమే. ఏ మండపం వెనక నీడ ఉందో, ఏ దారిన పోతే ముసలమ్మలకు మెట్లు తప్పుతాయో మాత్రం ఫోను చెప్పదు. నా మటుకు నేను గైడు పక్షమే.

గైడు ముందుగా విరూపాక్షుడి గుడికి తీసుకుపోతాడు. ఊరంతా పాడుబడినా పూజ ఆగని గుడి అది. రంగమండపం ముందర శిలాశాసనం ఉంది. శ్రీకృష్ణదేవరాయల పట్టాభిషేక సందర్భంలో 1510లో వేసింది. దాని ముందు ఎవరూ నిలబడరు. అందరూ వెనకవైపు చీకటి గదికి పరుగెత్తుతారు. అక్కడ గోడకున్న చిన్న కంతలోంచి వెలుతురు వచ్చి, ఎదుటి గోడ మీద రాజగోపురం నీడ తలకిందులుగా పడుతుంది. పిల్లలు కేరింతలు కొడతారు. ఇది భౌతికశాస్త్రం పాఠమని ఒకరిద్దరు గైడ్లు చెబుతారు, మిగతావాళ్లు మహిమ అంటారు. రెండు మాటలూ విని బయటికి రావచ్చు, కోపం తెచ్చుకోనక్కరలేదు.

తర్వాత విఠలాలయం. బండి ఆపే చోటి నుంచి గుడి దాకా బ్యాటరీ బండ్లున్నాయి. రాతి రథం ముందుకు రాగానే గైడు జేబులోంచి యాభై రూపాయల నోటు తీసి, వెనక బొమ్మ చూపించి, అసలు రథానికి ఎదురుగా పట్టుకుంటాడు. మీరూ తీస్తారు, అందరూ తీస్తారు. ఇంతకూ అది రథం కాదు, గరుత్మంతుడి గుడి. ఇప్పుడు మనం చూసేది పూర్తి రూపం కూడా కాదు. 1856లో గ్రీన్‌లా అనే సైనికాధికారి తీసిన ఫొటోలలో దాని నెత్తిన ఇటుకలతో కట్టిన శిఖరం కనిపిస్తుంది. ఆ శిఖరం తర్వాత పోయింది. నోటు మీదున్నది శిఖరం పోయిన రథం. ఈ సంగతి చెప్పే గైడు దొరికితే అతన్ని వదలకండి.

సంగీతం పలికే స్తంభాల దగ్గర కథ మామూలే. తెల్లదొరలు రెండు స్తంభాలు కోసి చూశారని, లోపల ఏమీ లేదని చెబుతారు. ఇప్పుడు వాటిని తట్టనివ్వరు, మంచి పనే. తట్టనిస్తే మనవాళ్లు వాటినీ పొడి చేసి ఉండేవాళ్లు.

అక్కడి నుంచి లక్ష్మీనరసింహుడు. 1528లో ఒకే బండలో మలిచిన విగ్రహం, ఆరున్నర మీటర్ల పైనే. ఉగ్రనరసింహుడని అందరూ అనేస్తారు గానీ ఆయన ఒడిలో లక్ష్మి ఉండేది. ఆమెను పగలగొట్టారు. స్వామి వెనకవైపు ఆమె చెయ్యి ఒకటి ఇంకా మిగిలే ఉంది. ఆ చెయ్యి చూశాక ఆయన మొహంలో ఉగ్రం నాకు వేరేగా కనబడింది. ఆ పక్కనే బడవలింగం, మూడు మీటర్ల ఎత్తు శివలింగం. దాని అడుగు ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది. బీదరాలు కట్టించిందని, అందుకే ఆ పేరని గైడు చెబుతాడు. జనం నీళ్లలోకి బిళ్లలు విసురుతారు. బస్సు బయల్దేరుతుంది.

అక్కడే నేను ఆగమంటున్నాను. ఆ నీళ్లు ఎక్కడివి?

మా బృందంతో ఒకసారి గార్లదిన్నె వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, సేద్యం చేసుకునే మనిషి. పొద్దుటి నుంచి ఆయన రాజుల పేర్లు ఒక చెవిన విని ఒక చెవిన వదిలేస్తున్నాడు. బడవలింగం దగ్గర మాత్రం వంగి నీళ్లలో చెయ్యి పెట్టాడు. పారుతున్న నీళ్లు. వెంటనే గైడును పట్టుకున్నాడు.

"ఏమప్పా, ఇవి వాన నీళ్లా, కాలవ నీళ్లా?"

"కాలవ నీళ్లే పెద్దయ్యా."

"ఏ కాలవ? యాడ నుంచి?"

గైడు కాసేపు ఆయన మొహం చూశాడు. ఎన్నో ఏళ్లుగా ఈ పని చేస్తున్నానని, ఇక్కడ నిలబడి ఆ మాట అడిగినవాళ్లు చాలా తక్కువని అన్నాడు. ఆ తర్వాత ఆ మనిషి గొంతే మారిపోయింది. బట్టీ పట్టిన వాక్యాలు పోయి సొంత మాటలు వచ్చాయి. అతనిది కమలాపురమట. ఇంటికి కొంచెం అరటితోట ఉందట, పారేది తురుత్తు కాలవ కింద.

తురుత్తు కాలవ విజయనగర రాజులు తవ్వించింది. తుంగభద్రకు అడ్డంగా పెద్ద పెద్ద గుండ్లు పేర్చి ఆనకట్ట వేసి, నీళ్లను పక్కకు మళ్లించి, కొండల మధ్య లోయలోంచి ఊరి నడుమకు తెచ్చారు. ఒకవైపు గుళ్లు, ఇంకోవైపు రాజుగారి కోట, మధ్యలో వరి, అరటి, చెరుకు. ఇవాళ మీరు హంపిలో పచ్చగా కనబడే చోటల్లా బస్సు కిటికీలోంచి చూసి బాగుందే అనుకుంటారు గదా, అదంతా చాలావరకు ఆ కాలవల చలవే. రాజ్యం పోయింది, కోట పోయింది, బజారు పోయింది. కాలవ మాత్రం పారుతూనే ఉంది. యునెస్కో వాళ్లు గుర్తించిన రాళ్ల నడుమ పాతకాలపు పనే చేస్తూ అది ఇంకా పని మానలేదు.

అనంతపురం నుంచి పోయిన మనం ఈ సంగతి ఎందుకు పట్టించుకోవాలి? ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. హంపి మనకన్నా తడి నేలేమీ కాదు. అవే బండలు, అదే ఎండ, అవే తుమ్మచెట్లు. అలాంటి చోట అంత పెద్ద నగరం నిలబడిందంటే, దాని అసలు గొప్పతనం స్తంభాల్లో వెతకాలా, తూముల్లో వెతకాలా? కోస్తా నుంచి వచ్చిన యాత్రికుడికి ఈ ప్రశ్న తోచకపోవచ్చు. మనకు తోచకపోతే మాత్రం తప్పే.

ఆ రోజు గైడు మిగతా యాత్రంతా నీళ్ల వెంబడే నడిపించాడు. కోట లోపల మహానవమి దిబ్బ ఎక్కించకుండా ముందు దాని దగ్గరున్న మెట్ల కోనేటికి తీసుకుపోయాడు. నల్లరాతితో, అంచెలంచెలుగా దిగే మెట్లతో ఉంటుంది. ఎంత పొందికగా ఉంటుందంటే కొత్తగా కట్టారేమో అనిపిస్తుంది. 1980లలో పురావస్తు శాఖ తవ్వకాల్లో బయటపడింది. రాళ్ల మీద చిన్న చిన్న గుర్తులు, అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఏ రాయి ఏ వరసలో, ఏ వైపు రావాలో చెప్పే గుర్తులవి. అంటే రాళ్లను ముందే చెక్కి, గుర్తులు వేసి, ఇక్కడ పేర్చారన్నమాట. కోనేటి దాకా రాతి దోనెలు వచ్చి ఉన్నాయి. స్తంభాల మీద దోనెలు పరిచి, వాటిలో నీళ్లు పారించారు. ఏ దోనె ఎంత వాలుగా ఉండాలో లెక్క తప్పితే నీళ్లు ముందుకు కదలవు. మా పెద్దాయన ఆ దోనె పక్కన కూర్చుని, ఒక కన్ను మూసి, దాని వాలు చూశాడు. మడి కట్టేవాడి చూపు అది.

ఇంకొకచోట చిన్న రాతి కాలవకు అటూ ఇటూ వరసగా రాతిలో తొలిచిన విస్తళ్లున్నాయి. భోజనశాల అంటారు. అన్నానికి ఒక గుంట, కూరలకు చిన్న చిన్న గుంటలు. మధ్యలో నీళ్లు పారుతూ ఉండేవన్నమాట. తినడానికి, కడగడానికి. మా బృందం ఆడవాళ్లు దాన్ని చూసి, అంట్లు తోమే పని లేకుండా భలే చేశారే అని నవ్వుకున్నారు. మేం తెచ్చుకున్న చిత్రాన్నం, పెరుగన్నం, ఓళిగలు ఆ దగ్గర్లోనే చెట్టు కింద విప్పాం.

1443లో పారసీక రాజు షారుఖ్ దూతగా అబ్దుర్ రజాక్ ఈ నగరానికి వచ్చాడు. అతను రాసుకున్నవాటిలో చెక్కిన రాతి కాలవల్లో పారే నీళ్ల సంగతి ఉంది. ఎడారి దేశాల దారిన వచ్చినవాడు కదా, అతని కన్ను వాటి మీద పడింది. మనవాళ్ల కన్ను యాభై నోటు మీద పడుతోంది.

అసలు పెద్ద కథ మాత్రం చెరువుది. శ్రీకృష్ణదేవరాయలు నేటి హొసపేట దగ్గర, అప్పటి నాగలాపురం పక్కన, సండూరు కొండల మొగలో రెండు గుట్టల నడుమ ఒక మహా చెరువు కట్ట వేయించాడు. పేస్ అనే పోర్చుగీసువాడు 1520 ప్రాంతంలో అది కడుతుండగా చూశాడు. పదిహేను ఇరవై వేల మంది కూలీలు పనిచేస్తున్నారని అంచనా వేశాడు. కట్ట రెండు మూడుసార్లు తెగిందట. బలి కావాలన్నారట. అరవై మంది మనుషుల తలలు నరికించారని, గుర్రాలను దున్నలను కూడా బలి ఇచ్చారని పేస్ రాశాడు. అతని తర్వాత వచ్చిన గుర్రాల వ్యాపారి నూనిజ్ కూడా ఈ చెరువు గురించి రాశాడు. పోర్చుగీసు రాతిపని మేస్త్రి ఒకడు దీనికి సాయం చేశాడంటాడు. ఈ ఇద్దరి రాతలనూ ఇంగ్లీషులోకి తెచ్చి 1900లో అచ్చువేసినవాడు మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన రాబర్ట్ స్యూయెల్. హంపిలో గైడ్లు చెప్పే సగం కథలకు మూలం ఆ పుస్తకమే, వాళ్లకు తెలిసినా తెలియకపోయినా.

చెరువు కట్ట తెగడం, బలి అడగడం. అనంతపురం వాళ్లకు ఇది కొత్త కథేనా? మన ఊరిని ఆనుకునే బుక్కరాయసముద్రం ఉంది. బుక్కరాయల పేరున వెలసిన ఊరు, ఆయన కాలపు చెరువు. ఆ కట్ట తెగబోతే ఊరి కోడలు ముసలమ్మ తనను తాను బలి ఇచ్చుకున్న కథ మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉన్నప్పుడే దాన్ని ముసలమ్మ మరణం అనే కావ్యంగా రాశాడు. ఈ కథ బస్సులో మైకులో చెప్పుకుంటూ పోతే హంపి చేరేసరికి ఆ చెరువు కథకు అర్థం వేరేగా ఉంటుంది. సినిమా పాటలు తిరుగుప్రయాణంలో వేసుకోవచ్చు.

బలి జరిగిందా లేదా అన్నది పక్కన పెడదాం. చెరువు ఎలా కట్టాలో ఆ రాజ్యంలో తెలియనిది కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించిన 1369 నాటి చెరువు శాసనం ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని, ఆరు దోషాలు ఉండకూడదని అందులో చెక్కించారు. ఆ చెరువు పనికి రోజూ వెయ్యిమంది మనుషులు, రాళ్లు మోయడానికి నూరు బండ్లు, రెండేళ్ల కాలం పట్టిందని కూడా ఉంది. ఇక రాయలవారే ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పేచోట, రాజ్యం చిన్నదైనా చెరువులూ కాలవలూ తవ్వించి, పేద రైతుకు పన్నులో సడలింపు ఇస్తే సంపద పెరుగుతుందంటాడు. కవిత్వంలో చెప్పినమాట నేల మీద చేశాడా? చేశాడనే నూనిజ్ సాక్ష్యం. ఆ చెరువు నీళ్లు పారే భూములను రైతులకు తొమ్మిదేళ్లపాటు శిస్తు లేకుండా ఇచ్చాడట, నేల చదును చేసుకుని బాగుపడేదాకా.

నేను బస్సులో ఈ సంగతి చెప్పగానే మా పెద్దాయన అడిగిన ప్రశ్న, "సరే, పదో ఏడాది ఎంత కట్టించుకున్నాడు?" నవ్వులాట కాదు, సూటిగా అడిగాడు. నూనిజ్ దానికీ లెక్క ఇచ్చాడు. తన రోజులకు ఆ ఆయకట్టు మీద ఇరవై వేల పర్దావుల, అంటే బంగారు నాణేల, ఆదాయం వస్తోందన్నాడు. పెద్దాయన కాసేపు ఆలోచించి, "గిట్టుబాటే" అన్నాడు. ఎవరికి గిట్టుబాటో చెప్పలేదు.

ఆ చెరువును ఇప్పటికీ రాయర కెరె అనే పిలుస్తారు. నీళ్లు మాత్రం నిలవవు. ఒక్కరోజు యాత్రలో దాన్ని ఇరికించాలని చూడకండి. పెద్ద కట్ట తప్ప చూడ్డానికి ఏమీ లేదు, పిల్లలు విసుక్కుంటారు. బదులుగా కమలాపురం చెరువు దగ్గర ఐదు నిమిషాలు ఆపించండి. అదీ ఆ కాలపుదే, దానిలో నీళ్లున్నాయి, కోటలోని కోనేళ్లకు నీళ్లు ఆ వైపు నుంచే వచ్చేవి.

గైడు తన కథను 1565తో ముగిస్తాడు. రాక్షసి తంగడి యుద్ధం, రామరాయలు చనిపోవడం, ఆరు నెలలు నగరాన్ని దోచడం, అయిపోయింది. ఆ ముగింపు దగ్గర అతన్ని మర్యాదగా సవరించే హక్కు మనకుంది. అయిపోలేదు. రామరాయల తమ్ముడు తిరుమలరాయలు రాజు సదాశివరాయలను, ఖజానాను వెంటబెట్టుకుని మన పెనుకొండకు వచ్చాడు. రాజధాని అక్కడికి మారింది. హంపి చూసి వచ్చిన వాళ్లు తర్వాతి యాత్ర పెనుకొండకు పెట్టుకుంటే కథ రెండో భాగం చూసినట్టు. అక్కడ గైడ్లు దొరకడం కష్టమే, అది వేరే బాధ.

తిరుగుప్రయాణంలో వెలుగుండగా తుంగభద్ర డ్యాము దగ్గరికి చేరండి. సాయంత్రం ఉద్యానవనంలో రంగుల ఫౌంటెన్లు చూద్దామని పిల్లలు గొడవ చేస్తారు, చూపించండి. అయితే ముందు కట్టను చూడాలి. సీడెడ్ జిల్లాల, అంటే మన సీమ కరువుకు తుంగభద్ర నీళ్లే మందని ఆర్థర్ కాటన్ 1860లోనే అన్నాడు. ఆ తర్వాత 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువు బళ్లారి, అనంతపురం సీమలను ఊడ్చేసింది. డ్యాముకు పునాది పడ్డది 1945లో, పూర్తయింది 1953లో. అప్పటి మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు కలిసి కట్టాయి. మొత్తం 33 గేట్లు. మొదట 133 టీఎంసీల దాకా పట్టే జలాశయం, పూడిక పడీ పడీ ఇప్పుడు 105 టీఎంసీల చిల్లరకు దిగింది. డ్యాము వెనక నీళ్లలో విజయనగర కాలపు ఆనకట్టలు కొన్ని మునిగిపోయాయి. వాటి కింది రాయ, బసవన్న కాలవలకు ఇప్పుడు డ్యాము నుంచే నీళ్లు ఇస్తున్నారు. పాత కాలవ కొత్త తూముతో పారుతోందన్నమాట.

అక్కడి నుంచే మన ఎగువ కాలవ బయల్దేరుతుంది. హెచ్చెల్సీ అంటే తెలియనివాళ్లు మన జిల్లాలో లేరు. బొమ్మనహాళ్, కణేకల్లు మీదుగా వచ్చి, పెనకచర్ల దగ్గర మిడ్ పెన్నార్‌కూ, ఇటు పెన్నహోబిలం జలాశయానికీ చేరేది ఆ నీళ్లే. అనంతపురంలో కుళాయి తిప్పినవాళ్లు ఈ డ్యామును చూసినా చూడకపోయినా దానికి బాకీ ఉన్నారు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, నిండిన జలాశయం అట్లాగే నదిలోకి పోతుంటే, మన ఊళ్లలో జనం టీవీల ముందు కూర్చుని చూశారు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు వచ్చి, పారే నీళ్లలోనే ఇనుప పలకలు దించి అడ్డుకట్ట వేయించాడు. డ్యాము దగ్గర నిలబడి 19వ నంబరు గేటు ఏదో లెక్కబెట్టి పిల్లలకు చూపించండి. రాతి రథం ఎంత ముఖ్యమో అదీ అంత ముఖ్యం, కాదు, మనకు అంతకన్నా ముఖ్యం.

ఒక్కరోజులో ఇదంతా అవుతుందా అంటే, పట్టుబడితే అవుతుంది. అన్నీ చూడాలన్న ఆశ మాత్రం వదులుకోవాలి. విరూపాక్షుడు, లక్ష్మీనరసింహుడు, బడవలింగం పొద్దున్నే. ఎండ ముదరకముందే విఠలాలయం. భోజనాలయ్యాక కోట, మెట్ల కోనేరు. హజార రామాలయం గోడల మీద రామాయణం బొమ్మల దగ్గర ఎవరైనా కథ తెలిసిన పెద్దమ్మ ఉంటే గైడును ఒక పావుగంట పక్కన కూర్చోబెట్టి ఆమె చేత చెప్పించండి. ఏనుగుల శాల, కమలమహల్ అయిదు నిమిషాలు చాలు, ఫొటోలకు తప్ప వాటి దగ్గర ఎక్కువ పని లేదని నా అభిప్రాయం. పుట్టిలో నది దాటే సరదా ఉంటే నీటి మట్టం అడిగి తెలుసుకోండి. డ్యాము గేట్లు ఎత్తితే పుట్టి ఎక్కరాదు. విఠలాలయానికి తీసుకున్న టికెట్టే అదే రోజు కమలమహల్ ఆవరణకూ, కమలాపురం మ్యూజియానికీ పనికొస్తుంది, పారేయకండి.

ఆ మ్యూజియం గురించి ఒక్కమాట. చాలా బస్సులు దాన్ని వదిలేసి పోతాయి. లోపల హంపి మొత్తం నమూనా ఒకటి నేల మీద పరిచి ఉంటుంది. కొండలు, నది, గుళ్లు, కోట అన్నీ ఒక్కచూపులో కనిపిస్తాయి. యాత్ర మొదట్లోనే గైడుతో అక్కడ నిలబడి, నది ఎటు, కాలవ ఎటు, చెరువు ఎటు అని అడిగితే, ఆ తర్వాత రోజంతా మీరు ఎక్కడున్నారో మీకు తెలుస్తూ ఉంటుంది. శుక్రవారం మాత్రం మ్యూజియానికి సెలవు. బస్సుకు అడ్వాన్సు ఇచ్చే ముందు క్యాలెండరు చూసుకోండి.